పంచాయతీ ఖాతాలో ఢిల్లీ సొమ్ము: పాఠకుల సందేహాలకు సమాధానాలు

కొత్త ఏడాది 2026 గోదావరి డెల్టా పంచాయతీల ముందుకు మూడు మార్పులను ఒక్కసారిగా తెచ్చింది. కేంద్రం సొమ్ములో రాష్ట్రాలకు, స్థానిక సంస్థలకు ఎంత ఇవ్వాలో సిఫారసు చేసే ఆర్థిక సంఘాలలో 15వ దాని గ్రాంట్ల కాలం 2026 మార్చి 31తో ముగుస్తుంది. 2021 ఫిబ్రవరిలో ఎన్నికైన పాలకవర్గాల ఐదేళ్ల గడువు ఏప్రిల్ ఆరంభంలో తీరిపోతుంది. ఊళ్లలో ‘వంద రోజుల పని’గా పేరుపడిన ఉపాధి హామీ చట్టం స్థానంలో పార్లమెంటు 2025 డిసెంబరులో కొత్త చట్టాన్ని ఆమోదించింది. ఈ 2026 జనవరి సంచికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం వీటి చుట్టూ తిరిగినవే కాబట్టి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయించాం. పేరు వేయవద్దని చాలామంది కోరారు కనుక ఎవరి పేరూ వేయకుండా హోదా, ప్రాంతం మాత్రమే ఉంచాం.

ప్రశ్న: మా పంచాయతీ ఖాతాలో సొమ్ము ఉందని కార్యదర్శి గారే చెబుతారు. పొలాల్లోకి వెళ్లే పుంతకు గ్రావెల్ తోలించమంటే ‘అది టైడ్ నిధి, కుదరదు’ అంటారు. వీధి దీపాల సంగతి ఎత్తినా అదే జవాబు. సొమ్ము పంచాయతీదైనప్పుడు ఖర్చు పెట్టే అధికారం ఎవరిదండీ?
— వార్డు సభ్యుడు, అంబాజీపేట ప్రాంతం

జవాబు: కార్యదర్శి గారు చెప్పినది సగం నిజం. 2021–26 కాలానికి దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు 15వ ఆర్థిక సంఘం 2,36,805 కోట్ల రూపాయలు సిఫారసు చేసి, అందులో 60 శాతాన్ని రెండే రెండు పనులకు ముడిపెట్టింది. 30 శాతం తాగునీటికి, వాననీటి నిల్వకు, వాడిన నీటిని తిరిగి ఉపయోగించడానికి. ఇంకో 30 శాతం పారిశుద్ధ్యానికి, బహిరంగ మలవిసర్జన లేని స్థితిని నిలబెట్టుకోవడానికి. మీ ఊళ్లో టైడ్ అంటున్నది దీనినే. మిగిలిన 40 శాతం అన్‌టైడ్. మీ పంచాయతీకి ఏడాదికి 10 లక్షలు వచ్చాయనుకుంటే నీటికి 3 లక్షలు, పారిశుద్ధ్యానికి 3 లక్షలు పోగా 4 లక్షలు పంచాయతీ విచక్షణకు మిగులుతాయి. ఆ 4 లక్షలను జీతాలకు, కార్యాలయ ఖర్చులకు వాడరాదన్న నిబంధన ఒకటి ఉంది. పుంతకు గ్రావెల్ తోలించడానికి, వీధి దీపాలు వేయించడానికి అది అడ్డు రాదు. రాజ్యాంగం 11వ షెడ్యూలులోని 29 అంశాలలో రోడ్లు, కల్వర్టులు, గ్రామీణ విద్యుదీకరణ స్పష్టంగా ఉన్నాయి. అయితే పని గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలోకి ఎక్కి, ఆ ప్రణాళిక పంచాయతీల పనులు, లెక్కలు నమోదుచేసే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో నమోదై ఉంటేనే బిల్లు పెట్టడం సాధ్యమవుతుంది. కాబట్టి పుంత పని ప్రణాళికలో ఉన్నదా, లేకపోతే ఎప్పుడు చేరుస్తారు అని సమావేశంలో అడిగి, జవాబును మినిట్స్‌లో రాయించండి.

టైడ్ నిధుల విషయంలో మా అభిప్రాయం కొంచెం వేరు. పారిశుద్ధ్యం అనగానే మన పంచాయతీలు చెత్తబండి, బ్లీచింగ్ పౌడరు దగ్గర ఆగిపోతున్నాయి. ఇళ్ల వాడుక నీటిని తీసుకుపోయే డ్రెయిన్లు, మలవ్యర్థాల సేకరణ, శుద్ధి కూడా ఆ పద్దు కిందికే వస్తాయి. వానాకాలంలో కాస్త తవ్వితే నీరు పడే కోనసీమ నేలలో రెండు గుంతల మరుగుదొడ్డి ఎలా పనిచేస్తుందో మీకు మేము చెప్పనక్కరలేదు. శ్రావణ మాసం వచ్చేసరికి గుంత నిండి, దొడ్లోకి పొంగి, అక్కడినుంచి మురుగు కోడులోకి చేరుతుంది. ఇంకుడు గుంత తవ్వినా దానిలో ఇంకేదేమీ ఉండదు. మెరక ప్రాంతాల కోసం గీసిన నమూనాలను లంకకు, పల్లపు ఊరికి అంటగట్టి టైడ్ సొమ్మును ఖర్చు చేయించడం కంటే, నాలుగైదు పంచాయతీలు కలిసి సెప్టిక్ ట్యాంకులు తోడే బండిని, ఆ వ్యర్థాన్ని శుద్ధి చేసే చోటును ఏర్పాటు చేసుకోవడం వెయ్యి రెట్లు నయం. నిబంధనలు దీనికి అడ్డు చెప్పవు.

ఊళ్లో ఎవరూ చెప్పని వెసులుబాటు కూడా ఒకటి ఉంది. నీరు, పారిశుద్ధ్యం అనే రెండు పద్దులలో ఒక దాని అవసరాలు పూర్తిగా తీరిపోయాయని గ్రామసభ ధ్రువీకరించి, దానిని పై అధికారులు నిర్ధారిస్తే, ఆ పద్దు సొమ్మును రెండవ పద్దుకు వాడుకోవచ్చు. అంటే నీటి పని తీరిన ఊరు ఆ 3 లక్షలను కూడా డ్రెయిన్లకే పెట్టుకోవచ్చు. దీనికి గ్రామసభ నిజంగా జరగాలి, కోరం ఉండాలి, తీర్మానం పుస్తకంలో ఉండాలి.

సొమ్ము పెరిగిందన్న మాటను కూడా కాస్త జాగ్రత్తగా చూడాలి. వై.వి. రెడ్డి అధ్యక్షతన పనిచేసిన 14వ ఆర్థిక సంఘం 2015–20 కాలానికి ఇచ్చిన 2,00,292 కోట్లు పూర్తిగా గ్రామ పంచాయతీలకే. ఎన్.కె. సింగ్ అధ్యక్షతన పనిచేసిన 15వ సంఘం మండల, జిల్లా పరిషత్తులకు కూడా వాటా కల్పించి, గ్రామ పంచాయతీల వాటాను 70 నుంచి 85 శాతం మధ్య ఉంచమన్నది. పైన చెప్పిన పెద్ద మొత్తంలోంచి ఆ వాటాను తీసి లెక్కవేస్తే పెరుగుదల ఏపాటిదో తెలుస్తుంది. మీద ముడి కూడా పడింది.

ప్రశ్న: కేంద్రం పంచాయతీలకు పంపిన సొమ్మును కరెంటు బకాయిలకు జమ వేసుకున్నారని నాలుగేళ్ల క్రితం పెద్ద గొడవ జరిగింది. మళ్లీ అలా జరగడానికి వీలుందా? కేంద్రం నేరుగా పంచాయతీకే పంపితే ఏ పేచీ ఉండదు కదా?
— రైతు, ఆకివీడు ప్రాంతం

జవాబు: నేరుగా పంపే ఏర్పాటు రాజ్యాంగంలో లేదు. పంచాయతీల వనరులకు తోడ్పడేలా రాష్ట్ర సంచిత నిధిని పెంచే చర్యలను కేంద్ర ఆర్థిక సంఘం సిఫారసు చేయాలని 280వ అధికరణం చెబుతుంది. 1992 నాటి 73వ సవరణ ఆ మాటను అందులో చేర్చింది. కాబట్టి గ్రాంటు రాష్ట్ర ఖజానా మీదుగానే రావాలి. అలా వచ్చినదాన్ని 10 పనిదినాలలోపు స్థానిక సంస్థలకు చేర్చాలని, ఆలస్యమైతే వడ్డీతో కలిపి చెల్లించాలని 15వ సంఘం షరతు పెట్టింది.

మీరు ప్రస్తావించిన వివాదం 2021–22 నాటిది. విద్యుత్ బకాయిల పేరిట ఆర్థిక సంఘం సొమ్మును సర్దుబాటు చేశారని రాష్ట్రమంతటా సర్పంచులు పార్టీలతో నిమిత్తం లేకుండా ఆందోళనకు దిగారు. ఆ తరువాత పంచాయతీల పేరిట విడిగా బ్యాంకు ఖాతాలు తెరిచి, వాటిని కేంద్ర ప్రభుత్వపు ప్రజా ఆర్థిక నిర్వహణ వ్యవస్థతో అనుసంధానించారు. ఇప్పుడు చెల్లింపు జరగాలంటే సర్పంచ్, కార్యదర్శి ఇద్దరి డిజిటల్ సంతకాలు పడాలి. ఏ పనికి ఎంత ఖర్చయిందో ఈ-గ్రామస్వరాజ్‌లో ఊరి పేరు కొట్టి ఎవరైనా చూసుకోవచ్చు. పాత పద్ధతితో పోలిస్తే ఇది గట్టి కట్టడే.

అయితే బకాయి ఎక్కడికీ పోదు. మోటార్లకు, దీపాలకు కాలిన కరెంటుకు పంచాయతీయే జవాబుదారీ. పంచాయతీ పేరిట ఉన్న సర్వీసు నంబర్ల జాబితా తీసుకుని, ఒక్కొక్క దాని దగ్గరికి వెళ్లి చూడండి. ఉప్పునీరు పడి ఎన్నడో వదిలేసిన బోరుకు, కూలిపోయిన పంపు షెడ్డుకు బిల్లు వస్తున్న సందర్భాలు ఉంటాయి. వాటిని రద్దు చేయించడానికి ఒక తీర్మానం, ఒక దరఖాస్తు చాలు.

ప్రశ్న: మా ఊరు ఆత్రేయపురం దగ్గర. ఉపాధి పనిలో నేను మేటుగా ఉంటున్నాను, మా జట్టులో అందరూ ఆడవాళ్లే. కొత్త చట్టంలో 125 రోజులు ఇస్తారని ఒకరంటారు, పంట పనులప్పుడు పని ఆపేస్తారని మరొకరంటారు. మాకు లాభమా, నష్టమా? పంచాయతీ మాట ఇందులో చెల్లుతుందా?
— మేట్, కోనసీమ జిల్లా

జవాబు: అమ్మా, మీరు విన్న రెండు మాటలూ నిజమే. 2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. దాని స్థానంలో వచ్చిన ‘వీబీ–జీ రామ్ జీ’ (వికసిత్ భారత్ – గ్యారంటీ ఫర్ రోజ్‌గార్ అండ్ ఆజీవికా మిషన్ – గ్రామీణ్) చట్టం 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదం, రాష్ట్రపతి సంతకం పొందింది. కుటుంబానికి ఏడాదిలో 100 రోజులు ఉన్న హామీని అది 125 రోజులకు పెంచింది. నాట్లు, కోతలు ముమ్మరంగా ఉండే కాలంలో మొత్తం 60 రోజుల వరకు పనులు నిలిపివేయాలని కూడా చెప్పింది. ఆ రోజులు ఏవో రాష్ట్ర ప్రభుత్వం ముందుగా ప్రకటించాలి. జిల్లాకు, మండలానికి, పంచాయతీకి వేర్వేరుగా ప్రకటించే వీలును చట్టమే కల్పించింది. మీకు అవసరమైన కీలకం అందులోనే ఉంది.

డెల్టాలో ఉపాధి పని ఎప్పుడు జరుగుతుందో ఆలోచించండి. జూలై, ఆగస్టు నెలల్లో సార్వా నాట్లు, నవంబరులో కోతలు. డిసెంబరు, జనవరిలో దాళ్వా నాట్లు, ఏప్రిల్ నాటికి కోతలు. కాలువలు కట్టేశాక, మళ్లీ జూన్‌లో నీళ్లు వదిలేలోపు పంట బోదెలు, కాలువలు, చెరువుల పూడికతీత. చేతికి పని దొరికేదే ఆ వేసవిలో. నాట్ల రోజుల్లో విరామం ఇస్తే మీ జట్టుకు పెద్దగా తేడా రాదు, ఎందుకంటే అప్పుడు మీరు ముఠాగా చేలల్లోనే ఉంటారు. కోతల విరామం దగ్గరే తంటా. వరికోత యంత్రాలు దిగిన తరువాత కోతల్లో కూలి పని ఏమంత మిగిలిందని? దాళ్వా కోతల పేరు చెప్పి ఏప్రిల్‌లో విరామం పెడితే చేలో యంత్రం, బోదెలో తాళం, ఇంట్లో ఖాళీ చేతులు. కొబ్బరి తోటల ఊళ్లకు, రొయ్యల చెరువుల ఊళ్లకు, లంకలకు వరి క్యాలెండరును వర్తింపజేస్తే అది నికరమైన నష్టమే. కాబట్టి మీ ఊళ్లో చేతికి పని దొరికే నెలలు, దొరకని నెలలు ఏవో గ్రామసభలో చెప్పి, విరామ దినాలు ఫలానా వారాల్లో ఉండాలని తీర్మానం చేయించి మండలానికి పంపించండి. తీర్మానానికి రాష్ట్రం కట్టుబడి తీరాలని చట్టం అనదు. అయినా ఊరినుంచి ఏ కాగితమూ రాకపోతే జిల్లా అంతటికీ ఒకే తేదీలు వేయడమే అధికారులకు సులువు.

డబ్బు సంగతి ఇంకా ముఖ్యం. పాత చట్టంలో కూలి మొత్తం కేంద్రం భరించేది, మెటీరియల్‌లో 75 శాతం ఇచ్చేది. వంద రూపాయల పనిలో కూలి 60, మెటీరియల్ 40 అనుకుంటే కేంద్రం వాటా 90, రాష్ట్రం వాటా 10. కొత్త చట్టంలో కేంద్రం 60, రాష్ట్రం 40. రాష్ట్రం మీద భారం నాలుగింతలైంది. పైగా ఏ రాష్ట్రానికి ఎంత ఇవ్వాలో కేంద్రం ముందే నిర్ణయిస్తుంది, దాటితే ఆ ఖర్చు రాష్ట్రానిదే. అందువల్ల 125 రోజులు అన్నది చట్టంలో ఎంత బలంగా రాసి ఉన్నా, రాష్ట్ర బడ్జెట్‌లో దానికి ఎంత కేటాయించారన్న దానిమీదే మీ మస్టరు ఆధారపడి ఉంటుంది. మా దృష్టిలో ఈ మార్పు హామీని బలహీనపరిచేదే. రోజులు పెంచిన చేత్తోనే ఖర్చును పక్కవాడి పద్దులో రాశారు.

పంచాయతీ పాత్ర తగ్గలేదు కానీ మారింది. పనులన్నీ వికసిత గ్రామ పంచాయతీ ప్రణాళికలోంచే రావాలి. నీటి భద్రత, గ్రామీణ మౌలిక వసతులు, జీవనోపాధి వసతులు, తీవ్ర వాతావరణాన్ని తట్టుకునే పనులు అని నాలుగు విభాగాలు పెట్టారు. తుఫాన్లు, వరదలు, ఏటిగట్టు కోతలు ఉన్న మన ప్రాంతానికి నాలుగవ విభాగంలో చాలా పని ఉంది. 2022 జూలై వరదలో మునిగిన లంక రోడ్లను, పశువుల కోసం మెరక చేయవలసిన దిబ్బలను దాని కింద అడగండి. రోజుకు రెండు సార్లు ఫొటో తీసే హాజరు యాప్ బాధ మాత్రం తప్పేట్టు లేదు.

ప్రశ్న: 5 లక్షల డ్రెయిను పనికి అంచనా వేస్తే జీఎస్టీకే 90 వేలు పోతోంది. కేంద్రం ఒక చేత్తో గ్రాంటు ఇచ్చి ఇంకో చేత్తో పన్ను తీసుకోవడం ఏమి న్యాయం?
— సర్పంచ్, పెనుగొండ ప్రాంతం

జవాబు: న్యాయం సంగతి మీరే తేల్చారు. లెక్క మాత్రం ఇది. ప్రభుత్వాలకు, స్థానిక సంస్థలకు చేసే నిర్మాణ పనులపై 12 శాతంగా ఉన్న జీఎస్టీని 2022 జూలై 18 నుంచి 18 శాతం చేశారు. 5 లక్షల పనికి 60 వేల చోట 90 వేలు అయింది. అందులో సగం రాష్ట్ర జీఎస్టీ కనుక కేంద్రాన్ని ఒక్కదాన్నే అనడానికీ లేదు. ప్రధానంగా మట్టి పనులైన వాటికి ఉన్న తక్కువ రేటు కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి చేరింది. అదే రోజున సిమెంటుపై పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గింది. మీ అంచనాలో సిమెంటు ధర పాతదే ఉంటే ఇంజినీరు గారితో తిరగరాయించండి, అంతో ఇంతో కలిసివస్తుంది. పన్ను కాకుండా కాంట్రాక్టు విలువ 2.5 లక్షలు దాటితే 2 శాతం జీఎస్టీ టీడీఎస్ (బిల్లు చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) మినహాయించి జమచేయవలసిన బాధ్యత పంచాయతీదే. 5 లక్షలకు 10 వేలు. అది అదనపు ఖర్చు కాదు, కాంట్రాక్టరు ఖాతాకే చేరుతుంది. కానీ జమచేయడం మరిచిపోతే వడ్డీ పంచాయతీ నెత్తిన పడుతుంది.

జీఎస్టీ తెచ్చిన మరో మార్పును ఎవరూ పట్టించుకోరు. 2016 నాటి 101వ రాజ్యాంగ సవరణ ప్రకటనలపై పన్నుకు ఆధారమైన పద్దును రాష్ట్ర జాబితాలోంచి తీసేసింది. వినోదపు పన్నును మాత్రం పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలు చేసుకునే మేరకు ఉంచింది. ఇక మీకు సొంతంగా మిగిలినవి ఇంటి పన్ను, నీటి పన్ను, సంత ఆశీలు, దుకాణాల అద్దెలు, చెరువు పాట, గట్టు మీది కొబ్బరిచెట్ల పాట. వీటికి ఢిల్లీలో ఎవరూ ముడి వేయలేరు. చెరువు పాటలో పోటీ లేకుండా ఊరి పెద్దలు ముందే మాట్లాడేసుకునే ఆనవాయితీ మీ దగ్గర ఉంటే, పోయేది 90 వేల కంటే ఎక్కువే అయి ఉండవచ్చు.

ప్రశ్న: మాది సముద్రం ఒడ్డు ఊరు. ప్రతి ఇంటి ముందూ కుళాయి బిగించారు. రోజు మార్చి రోజు గంటసేపు నీళ్లు, వేసవిలో అదీ లేదు, ట్యాంకరే గతి. లెక్కల్లో మాత్రం మా ఊరికి నూరు శాతం కుళాయిలు. ఇప్పుడు పథకం నిర్వహణ పంచాయతీయే చూసుకోవాలంటున్నారు. మా పంచాయతీ కాదనవచ్చునా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, సఖినేటిపల్లి మండలం

జవాబు: మాస్టారూ, 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్ల శుద్ధమైన నీరు ఇవ్వడాన్ని ప్రమాణంగా పెట్టింది. కుళాయి బిగింపు అందులో ఒక మెట్టు మాత్రమే. 2024 నాటికి పూర్తికావలసిన ఆ పథకాన్ని 2025 కేంద్ర బడ్జెట్‌లో 2028 దాకా పొడిగించారు. పొడిగించినప్పుడు నాణ్యతపై, నిర్వహణపై దృష్టి పెడతామన్నారు. నిర్వహణ అన్నచోటే ఆ మాట మీ పంచాయతీ గుమ్మంలోకి వచ్చింది. ఊరి లోపలి వ్యవస్థ నిర్వహణ గ్రామానిదే అన్నది మొదటి నుంచీ ఉన్న నిబంధన కాబట్టి పూర్తిగా కాదనడం కుదరదు. కానీ అప్పగింత కాగితం మీద సంతకం చేసేముందు ఇంజినీర్లు, పంచాయతీ, గ్రామ నీటి, పారిశుద్ధ్య సంఘం కలిసి చివరి కుళాయి దాకా నడిచి చూడాలని పట్టుబట్టండి. చిట్టచివరి వీధిలో బిందె ఎంతసేపటికి నిండుతున్నదో గడియారం పెట్టి చూసి, ఆ అంకెను అప్పగింత పత్రంలో రాయించండి.

డెల్టాలో అసలు సమస్య గొట్టంలో లేదు, చెరువులో ఉంది. భూగర్భంలో ఉప్పునీరే ఉన్న ఊళ్లు ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ నీటినే మంచినీళ్ల చెరువులో నింపుకుని, ఫిల్టరు బెడ్ల మీదుగా ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కించుకోవాలి. వేసవిలో కాలువ కట్టేసినన్ని రోజులు ఆ చెరువే దిక్కు. మీ ఊరి జనాభా 4,000 అనుకోండి. 55 లీటర్ల చొప్పున రోజుకు 2,20,000 లీటర్లు. 60 రోజులకు 1 కోటి 32 లక్షల లీటర్లు, అంటే 13,200 ఘనపు మీటర్లు. నికరంగా 3 మీటర్ల లోతు నీరు నిలిస్తే ఎకరానికి కొంచెం పైన విస్తీర్ణం చాలు. ఏప్రిల్, మే ఎండలకు ఆవిరయ్యేది, గట్ల నుంచి ఊరిపోయేది కలుపుకుంటే రెండెకరాలు ఉంటే ధీమాగా ఉండవచ్చు. మీ చెరువు కాగితం మీద రెండెకరాలే ఉండవచ్చు. పూడిక మేట వేసి లోతు సగమైతే నీరూ సగమే. కాబట్టి కుళాయిలు ఎన్ని బిగించారన్నది పక్కనబెట్టి, చెరువు లోతు కొలిపించండి.

చెరువు పూడికతీత, గట్టు బలపరచడం, కంచె, ఫిల్టరు బెడ్లలో ఇసుక మార్చడం, మోటారు మరమ్మతు అన్నీ టైడ్ నిధిలోని నీటి వాటాకు తగిన పనులే. మొదటి జవాబులో చెప్పిన ఆ 3 లక్షలు ఇందుకే. ఫిల్టరు బెడ్డు పైపొర మీద పచ్చటి జిడ్డు మందంగా పేరుకుని నీరు దిగడం ఆగిపోతే, ఆ పొరను గీసి తీసి కడగాలి, ఇసుక తగ్గితే కొత్తది వేయాలి. పంపు ఆపరేటరుకు చేతినిండా పని ఇచ్చి, జీతం నెలల తరబడి బాకీ పెట్టే పంచాయతీలో ఆ పని జరగదు. చెరువు గట్టు పక్కనే రొయ్యల చెరువు ఉంటే నీటి పరీక్ష తప్పనిసరిగా చేయించండి. పరీక్ష కిట్లతో ఊళ్లోని మహిళలకు శిక్షణ ఇవ్వాలని ఆ మిషన్‌లోనే ఉంది. మీ ఊళ్లో శిక్షణ పొందినవారు ఎవరో, కిట్టు ఏ బీరువాలో ఉందో విచారించండి.

ప్రశ్న: నేను సర్పంచ్‌ని. నా డిజిటల్ సంతకం కీ నేను ఇంతవరకు చేత్తో పట్టుకోలేదు. ఆఫీసులోనే ఉంటుంది, బిల్లులు అయిపోతుంటాయి. అడిగితే మీకెందుకమ్మా శ్రమ అంటారు. తరువాత ఏమైనా అయితే బాధ్యత ఎవరిది?
— మహిళా సర్పంచ్, భీమవరం ప్రాంతం

జవాబు: మీదేనమ్మా. ఆ కీతో పడిన ప్రతి సంతకమూ చట్టం దృష్టిలో మీరు చేసినదే. రేపు ఆడిట్ అభ్యంతరం వస్తే నోటీసు మీ పేరిట వస్తుంది, శ్రమ తగ్గించినవారి పేరిట రాదు. కీని, దాని పాస్‌వర్డును ఇవాళే మీ చేతికి తీసుకోండి. ఇవ్వకపోతే మండల పరిషత్ అభివృద్ధి అధికారికి రాతపూర్వకంగా తెలియజేసి, రసీదు తీసుకోండి. పాస్‌వర్డు మార్చిన తరువాత పోర్టల్‌లో ఇప్పటిదాకా జరిగిన చెల్లింపుల జాబితాను ప్రింటు తీయించి, ఒక్కొక్క పనినీ ఊళ్లో చూసి టిక్కు పెట్టుకోండి. మహిళా సర్పంచుల బదులు భర్తలో, ఇతరులో అధికారం చెలాయించే తీరుపై కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2023లో ఒక సలహా సంఘాన్నే వేయవలసి వచ్చింది. ఈ జాడ్యం ఒక్క మీ ఊరిది కాదు, అయినా మీ ఊళ్లో దాన్ని ఆపగలిగింది మీరొక్కరే.

ప్రశ్న: డ్రోను తిరిగింది, ఇళ్లు కొలిచారు, ఆస్తి కార్డు ఇస్తారంటున్నారు. కార్డు తీసుకుంటే ఇంటి పన్ను పెరుగుతుందని ఊళ్లో భయం. తీసుకోవాలా, వద్దా?
— లంక గ్రామవాసి, పి. గన్నవరం ప్రాంతం

జవాబు: తీసుకోండి. 2020 ఏప్రిల్ 24న మొదలైన స్వామిత్వ పథకం కింద, సర్వే నంబరు తప్ప విడి హక్కు పత్రం లేని గ్రామకంఠం ఇళ్లకు కొలతలతో కూడిన పత్రం దొరుకుతుంది. బ్యాంకు రుణానికి, అన్నదమ్ముల పంపకానికి అది పనికివస్తుంది. పన్ను విధింపును సులువు చేయడం కూడా ఆ పథకం ఉద్దేశాలలో ఉన్నమాట నిజమే. కానీ రేటు నిర్ణయించేది రాష్ట్ర చట్టం, పంచాయతీయే తప్ప కార్డు కాదు. ఇంతవరకు లెక్కలోకి రాని మేడలు లెక్కలోకి వస్తే, పూరిల్లు కట్టే పన్నుకు న్యాయం జరుగుతుంది. కార్డు ఖరారు కాకముందు అభ్యంతరాలకు ఇచ్చే గడువులోనే హద్దులు, వారసుల పేర్లు సరిచూసుకోండి. ఏటి కోతకు సగం స్థలం పోయినవారు ఇప్పుడు మిగిలిన కొలతే రాయించుకోవాలి.

ప్రశ్న: ఏప్రిల్‌తో మా పదవీకాలం ముగుస్తుంది. ఎన్నికలు ఆలస్యమైతే కేంద్ర నిధులు ఆగిపోతాయంటున్నారు. ఖాతాలో మిగిలిన సొమ్ము వెనక్కి పోతుందా? దిగిపోయేముందు మేము చేయవలసినది ఏమైనా ఉందా?
— ఉపసర్పంచ్, తణుకు ప్రాంతం

జవాబు: ఐదేళ్ల గడువు తీరకముందే ఎన్నికలు పూర్తికావాలని రాజ్యాంగం 243-ఇ అధికరణం చెబుతున్నది. 2006లో అహ్మదాబాద్ నగరపాలక సంస్థ కేసులో సుప్రీంకోర్టు కూడా స్థానిక సంస్థల ఎన్నికలను గడువులోగా జరపవలసిందేనని తేల్చింది. ఆచరణ వేరు. మన రాష్ట్రంలో 2018 ఆగస్టులో గడువు ముగిస్తే 2021 ఫిబ్రవరి దాకా ప్రత్యేక అధికారుల పాలనే సాగింది. పక్కన తెలంగాణలో 2024 ఆరంభంలో గడువు తీరితే 2025 డిసెంబరులో గానీ ఎన్నికలు జరగలేదు, ఆ వ్యవధిలో కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంట్లు నిలిచిపోయాయి. ఎన్నికైన పాలకవర్గం లేని సంస్థకు గ్రాంటు విడుదల చేయకపోవడమే కేంద్రం అనుసరిస్తున్న పద్ధతి. ఇది చిత్రమైన శిక్ష. ఎన్నికలు జరపనిది రాష్ట్రం, కుళాయి ఎండేది ఊరికి.

ఇక ఏప్రిల్ 1 నుంచి అరవింద్ పనగరియా అధ్యక్షతన పనిచేసిన 16వ ఆర్థిక సంఘం సిఫారసుల కాలం, 2026–31, మొదలవుతుంది. నివేదిక 2025 నవంబరులో రాష్ట్రపతికి అందింది. అది పార్లమెంటు ముందుకు వచ్చాక టైడ్, అన్‌టైడ్ లెక్క ఎలా ఉన్నదో ఇదే శీర్షికలో వివరిస్తాం.

మీ ఖాతాలో ఇప్పటికే పడిన సొమ్ము పాలకవర్గం దిగిపోయినంత మాత్రాన ఎక్కడికీ పోదు. పంచాయతీ పేరిటే ఉంటుంది, తరువాత వచ్చేవారు ఖర్చు పెడతారు. ఎవరు వస్తారో, వారికి మీ ఊరి పుంత తెలుసో లేదో అన్నదే సందేహం. అందువల్ల ఈ రెండు నెలల్లో చేయగలిగిన పనులు మొదలుపెట్టి, కొలతల పుస్తకంలో నమోదు చేయించి, బిల్లులు ఎక్కించండి. ముగిసిన సంవత్సరపు లెక్కలు ఆన్‌లైన్‌లో ఉన్నాయో లేదో, అంతకుముందు సంవత్సరపు ఆడిట్ నివేదిక ఎక్కిందో లేదో చూడండి. ఇవి లేకపోవడం కూడా గ్రాంటు ఆగడానికి కారణమవుతుంది. పూర్తికాని పనులు, చెల్లించవలసిన బిల్లులు, పంపు ఆపరేటరుకు, పారిశుద్ధ్య సిబ్బందికి ఉన్న జీతాల బాకీలు, పాట ద్వారా రావలసిన సొమ్ము ఒక జాబితాగా రాసి గ్రామసభ ముందు చదివించండి. ఆ జాబితాపై తీర్మానం నంబరు, తేదీ వేయించి, కార్యదర్శి సంతకంతో ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి.